బెజ్జం ఉన్న దూలం

కోరంగి మడ అడవులు చూడ్డానికి కాకినాడ నుంచి కార్లలో వచ్చేవాళ్ళు మా ఊరి పక్కనుంచే వెళతారు. చెక్క వంతెన మీద ఫొటోలు దిగి, తాళ్లరేవులో టీ తాగి వెళ్ళిపోతారు. ఈ చిన్న పల్లె ఒకప్పుడు కలప మీద బతికిందంటే వాళ్ళ సంగతి సరే, మా అబ్బాయే నమ్మడు. చుట్టూ వరి, కొబ్బరి, ఈమధ్య రొయ్యల చెరువులు. దూలానికి పనికొచ్చే టేకుమాను ఎక్కడుంది చూపించు అంటాడు.

కలపంతా పైనుంచే దిగేది. భద్రాచలం, పోలవరం వైపు అడవుల్లో కొట్టిన దుంగల్ని వెదురు బొంగులతో కలిపి తెప్పలుగా కట్టి గోదాట్లో వదిలేవాళ్ళు. పచ్చి టేకు నీళ్ళలో మునిగిపోతుంది, అందుకని వెదురు. రాజమండ్రిలో అడితీలు, అంటే కలప డిపోలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి, కాలవలు, లాకులు వచ్చాక ఇటువైపు రావడం ఇంకా తేలికైంది.

ఇక్కడ ఆ కలపతో పడవలు, ఓడలు. కోరంగి సామాన్యమైన రేవు కాదు. 1802లో ఇంగ్లీషు నౌకాదళం వాళ్ళ ‘ఆల్బట్రాస్’ ఓడకి మరమ్మతు జరిగింది ఇక్కడే. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెనలొచ్చి ఊళ్ళకు ఊళ్ళే ఊడ్చుకుపోయాయి. మా తాతయ్య మాత్రం రేవుని చంపింది ఉప్పెన కాదే, ఒండ్రు అనేవాడు. గోదారి తెచ్చిపోసిన మట్టితో మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, పూడింది, పెద్ద ఓడలు కాకినాడ దారి పట్టాయి. నాకూ ఆ మాటే సబబనిపిస్తుంది. కొట్టుకుపోయిన ఇల్లు మళ్ళీ కట్టుకుంటాం, లోతు లేని చోటికి ఓడని ఎలా పిలుస్తాం?

తాతయ్యది బాడిసెతో చెక్క చెక్కి పడవలు చేసే పని. ఆయన నాటికి మిగిలినవి చేపల పడవలూ, సరుకు పడవలూ. పలకల సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసేవాళ్ళు. ఆ వాసన ఆయన పంచెకి ఎన్ని ఉతుకులేసినా పోయేది కాదని మా నాయనమ్మ గొడవ. వీధి చివర రంపపు గొయ్యి ఉండేది. దుంగ గొయ్యి మీద అడ్డంగా, ఒకడు పైన, ఒకడు గోతిలో, మధ్యలో నిలువు రంపం. కింద వాడికి రోజంతా కళ్ళలో పొట్టే. కూలి మాత్రం ఇద్దరికీ సమానమట, ఇదేం న్యాయమో! కోతమిషను వచ్చాక ఆ గొయ్యి మా చిన్నాన్న పెంటకుప్పయింది.

ఊళ్ళో పని తగ్గినవాళ్ళు కాకినాడలో స్టీమరెక్కి రంగూను వెళ్ళారు, అక్కడా రేవుల్లో, కోతమిల్లుల్లో కూలికే. 1942లో జపాన్ వాళ్ళు రావడంతో అడవులడ్డంపడి నడిచొచ్చినవాళ్ళున్నారు.

ఇప్పుడు మళ్ళీ కలప వ్యాపారం మొదలైంది, ఎదురు దిక్కులో. పాత పెంకుటిళ్ళు విప్పి స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు లారీల్లో హైదరాబాదు పంపిస్తున్నారు. కొత్త టేకు కన్నా వీటికే గిరాకీ. గోదారి మీద నెలల తరబడి నానుతూ, ఎండుతూ వచ్చిన దుంగల్ని రెండు గంటల్లో లెక్కగట్టేస్తారు. అది నాకు మింగుడుపడదు గానీ, తాళం వేసి చెదపురుగులకి వదిలేసిన ఇంటికన్నా నయమే.

మా ఇంటికీ బేరగాడొచ్చాడు. పడమటింటి దూలానికి చివర గుండ్రంగా ఓ బెజ్జం ఉంది. తెప్ప కట్టేటప్పుడు తాడు దూర్చడానికి తొలిచింది. “ఈ చివర కోసేయాలి మేడంగారూ, ఇక్కడికి కొలతలో తీసేస్తానండి” అన్నాడు. రాజమండ్రి దాటి, లాకులు దాటి ఆ దూలం ఇక్కడికి చేరింది ఆ బెజ్జం పుణ్యానే అని చెబితే, నవ్వి, టేపు చుట్టేసుకున్నాడు.

దూలాలు పట్టుకుపొమ్మను, వీధి ద్వారబంధం మాత్రం ఇవ్వను అన్నాను తమ్ముడితో.

“పెట్టుకుంటావు సరే, ఏడడుగుల ద్వారబంధం నీ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎలా ఎక్కిస్తావక్కా?” అన్నాడు.