వేళచ్చేరి నుంచి ముట్టుకాడు దాకా

చెన్నై వేళచ్చేరిలో బాబాయి ఉండే అపార్ట్‌మెంటులో కరెంటు మీటర్లు ఇప్పుడు మొదటి అంతస్తులో ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచింది. కొన్నిచోట్ల రెండు రోజుల్లో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అప్పుడు కింద ఉన్న మీటర్లూ నీళ్ల మోటారూ మునిగి, వరద తీశాక కూడా చాలాసేపు చీకట్లోనే గడిపారట. “ఈ నీళ్లు అసలు ఎటు పోవాలో చూద్దువుగాని, పదరా” అంటూ బాబాయి స్కూటరు తీశారు.

ముందు పళ్ళికరణై. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరు చాలావరకు చేరేది ఈ చిత్తడినేలకే. ఒకప్పుడు దాదాపు 5,000 హెక్టార్లు ఉండేదని అంచనా. అందులో సుమారు పదోవంతే మిగిలింది. ఒకవైపు పెరుంగుడి చెత్తకుప్ప, మరోవైపు భవనాలు, మధ్యలోంచి పల్లావరం–తొరైపాక్కం రోడ్డు. ఇంత ఇరుకులోనూ తుంగ మధ్య గూడబాతులు తిరుగుతుంటే సంతోషమూ బాధా రెండూ కలిగాయి. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు దక్కింది. మంచిదే, కానీ గుర్తించిన హద్దుకు అవతల, నీరు వచ్చే కాలువలు మూసుకుపోతే చిత్తడినేల ఏం చేయగలదు?

ఇక్కడినుంచి నీరు ఒక్కియం మడువు అనే నీటిపాయ గుండా ఐటీ కారిడారు రోడ్డు కిందుగా బకింగ్‌హామ్ కాలువలో పడుతుంది. కోస్తాంధ్ర నుంచి మద్రాసుకు పడవల్లో సరుకులు మోసిన కాలువే ఇది. నగరం నడుమ దీనిలోనే రైలుమార్గపు స్తంభాలు పాతారు. నీటిని ఖాళీ జాగాగా లెక్కగట్టిన ఆ ఆలోచన మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి ముట్టుకాడు. కాలువ నీరు కోవళం దగ్గర సముద్రంలో కలిసేది ఇక్కడే. ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే దారి సన్నబడుతుంది. పోటు మీద ఉన్నప్పుడు సముద్రం వరదను వెనక్కి నెడుతుంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుకే వీధుల్లో ఎంత పెద్ద మురుగుకాలువలు కట్టినా చాలదు. పోటు తగ్గేదాకా నీరు ఆగడానికి ఎగువన చోటుండాలి. ఆ చోటు చెరువులూ పళ్ళికరణై. కొత్త లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు ఆ నేల ఎంత నీటిని ఆపుతోందో కొలవాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి పూడికతీతా, ముఖద్వారం పనీ సెప్టెంబరులోపే పూర్తి కావాలి.