మనవాళ్ళేనా?

మార్చి వచ్చిందంటే మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి బడి నుంచి చీటీ వస్తుంది, హార్మొనీ డేకి పిల్లలకు నారింజ రంగు బట్టలు వేసి పంపమని. కింద ఎప్పుడూ ఉండే మాట "ఎవ్రీవన్ బిలాంగ్స్". దాన్ని తెలుగులో ఏమంటారమ్మా అని ఈసారి అడిగింది, తొమ్మిదేళ్ళ పిల్ల. "అందరూ మనవాళ్ళే" అన్నాను. నచ్చినట్టుంది, రాగం కట్టి పాడుకుంటూ ఇల్లంతా తిరిగింది.

నాకు మాత్రం ఆ చీటీ చూస్తే మనసు చివుక్కుమంటుంది. మార్చి 21 పండగ రోజు కాదు. 1960లో ఆ రోజున దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో జనం పోలీస్ స్టేషన్ ముందు చేరారు. నల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా అనుమతి చూపించే పాసు పుస్తకం వెంట ఉంచుకోవాలన్న చట్టం మాకొద్దని చెప్పడానికి. పోలీసులు కాల్చారు. 69 మంది చనిపోయారని అప్పటి లెక్క, చాలామందికి తూటాలు వీపులోనే తగిలాయి. అందుకే 1966లో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని జాతివివక్ష నిర్మూలన దినంగా ప్రకటించింది. ఇక్కడి ప్రభుత్వం 1999 నుంచి అదే రోజును హార్మొనీ డేగా జరుపుతోంది. రిబ్బన్లు, సమోసాలు, మన పిల్లల కూచిపూడి అన్నీ ఉంటాయి, వివక్ష అన్న మాట వినపడదు. కిందటేడు ఆటలో ఒక పిల్లాడు 'బురద రంగు' అంటూ నా కూతురి చెయ్యి పట్టుకోనన్నాడు. అతను చేసినదాన్ని ఏమంటారో దానికి బడిలో ఎవరూ చెప్పలేదు.

అందుకే కూర్చోబెట్టి షార్ప్‌విల్ సంగతి చెప్పాను. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులురెడ్డి గారి గురించీ చెప్పాను. 1946లో చదువుకోడానికి అమెరికా వెళ్ళి, ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగంలో చేరి, 1963లో అపార్థైడ్, అంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వపు జాతివివక్ష విధానం, దాని వ్యతిరేక ప్రత్యేక కమిటీ పని మొదలుపెట్టినప్పుడు దానికి కార్యదర్శి అయి, ఏళ్ళ తరబడి ఆ పనే చేసిన మనిషి. "తెలుగాయనా!" అంది మూడుసార్లు.

వారం తిరక్కుండానే మా వీధి చివరింట్లోకి ఓ తెలుగు కుటుంబం దిగింది. ఊరి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్యగారు, "మనవాళ్ళేనా?" అని అడిగారు.

"అవును నాన్నమ్మా, అందరూ మనవాళ్ళే" అంది పిల్ల.

ఆవిడ నవ్వి, "అది కాదే, మనవాళ్ళా అని" అన్నారు.

పిల్ల నా వైపు తిరిగింది. "తెలుగువాళ్ళా అని అడుగుతున్నారు" అన్నాను. అబద్ధం. వాళ్ళు తెలుగువాళ్ళని ఇంట్లో అందరికీ తెలుసు, పిల్లకి కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1965 నాటి జాతివివక్ష నిర్మూలన ఒడంబడిక మొదటి అధికరణంలో జాతి, రంగు అన్న మాటల పక్కనే వంశం అన్న మాటా ఉంది. దాన్ని చేర్పించింది భారతదేశమే. 2001లో జాతివివక్ష మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జరిగిన ప్రపంచ సదస్సుకు దళిత సంఘాలు వెళ్ళి కులం మాటా ఎత్తమన్నాయి. మరుసటేడు ఒడంబడిక అమలును చూసే కమిటీ, కులవివక్ష కూడా ఆ 'వంశం' కిందికే వస్తుందని తేల్చింది. కులమూ జాతీ ఒకటి కావంటూ మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒకటి కాకపోవచ్చు. కానీ బురద రంగన్న పిల్లాణ్ణి తప్పుపట్టిన నేను, "మనవాళ్ళేనా" దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకోవడం ఏం న్యాయం?

మర్నాడు చెప్పాను. కులమంటే ఏమిటో, మాది ఏదో, తాతయ్య చిన్నప్పుడు ఊళ్ళో ఏ పిల్లలకు నీళ్ళు వేరే గ్లాసులో పోసేవారో. అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నారు. "చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నారు.

"రంగు సంగతి దానికి ఎనిమిదేళ్ళకే తెలిసింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఇంకేం అనలేదు.

ఆ పిల్లల్లో తాతయ్యకి ఫ్రెండ్స్ ఉన్నారా అని అడిగింది పిల్ల. ఆయన్నే అడగమన్నాను. ఆదివారం ఊరికి ఫోన్ చేసి అడిగింది. మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తనకు చెరువులో ఈత నేర్పింది పేట కుర్రాడేనని చెప్పారు.

"నువ్వు వాళ్ళింటికి వెళ్ళేవాడివా తాతయ్యా?"

"లేదమ్మా."

"మరి తను మనింటికి వచ్చేవాడా?"

"వాకిట్లో నిలబడేవాడు" అన్నారాయన.