కొట్టేసిన పేరు మళ్ళీ రాయించుకున్నాను: నా అనుభవం

మొన్న ఏప్రిల్ 5న, ఈస్టర్ తెల్లవారుజామున నాలుగున్నరకి, గుంటూరులో సమాధుల తోటలో క్వైర్ వాళ్ళ వరసలో నిలబడి పాడాను. తెల్ల చీర, చేతిలో కొవ్వొత్తి, పక్కన మా అమ్మాయి. తూర్పు ఎర్రబడుతుండగా మా పాస్టర్ అయ్యగారు "క్రీస్తు లేచెను" అన్నారు. మేమంతా "నిజముగా లేచెను" అన్నాం. ఒక సంఘానికి, అంటే ఒక చర్చికి, చెందిన మనిషిగా నేను ఆ మాట పలికి పదహారేళ్ళు దాటింది. ఆ ఉదయం కోసం, సంఘం రిజిస్టర్లో నా పేరు మళ్ళీ ఎక్కడం కోసం, ఐదు నెలలు తిరిగాను. ఆ తిరుగుడు మనసులో పచ్చిగా ఉండగానే రాసేయాలని కూర్చున్నాను.

మాది పల్నాడు వైపు ఊరు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరారని మా తాతయ్య తేదీలతో సహా చెప్పేవాడు. మా ఇంట్లో విశ్వాసం నాలుగు తరాల నాటిది. 2009లో నాన్న పోయాక అమ్మని తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాం. అక్కడ పెద్ద హాలు, వేలమంది జనం, మంచి సౌండు, మంచి ప్రసంగం. పదిహేనేళ్ళకి పైగా వెళ్ళాను. ఒక్కరికి కూడా నా పేరు తెలియదు. మూడు నెలలు జ్వరాలతో వెళ్ళకపోతే, రాలేదేమని అడిగినవాళ్ళు లేరు. అది వాళ్ళ తప్పని అనను. నేనూ ఎవరినీ అడగలేదు.

నిరుడు జూన్‌లో మా ఆయన ఉద్యోగం బదిలీ మీద గుంటూరు వచ్చాం. బ్రాడీపేటలో అద్దె ఇల్లు. అక్టోబరులో అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు తలుపు కొట్టారు. "వందనాలండి, మేం ఈ వీధి చివర గుడి నుంచి వచ్చాం" అన్నారు. మాకు పాలు పోసే ఆవిడ చెప్పిందట. ఒకామె క్యారియర్‌లో పప్పుచారు తెచ్చింది. ఇంకొకామె అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, పాదాలు నిమురుతూ పాత కీర్తన ఎత్తుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక సరిగ్గా మాట్లాడని మా అమ్మ రెండో చరణానికి గొంతు కలిపింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

"మేం మీ సంఘంలో సభ్యులం కాదండి" అన్నాను వెళ్ళేటప్పుడు. "దానికేముంది వదినా, ముందు అమ్మగారు లేవనివ్వు" అంది క్యారియర్ తెచ్చినామె. ఆ రోజు నుంచి నెలన్నర పాటు సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి అరగంట అమ్మ దగ్గర కూర్చునేవారు. నేను ఆ అరగంటలో మందుల షాపుకి వెళ్ళొచ్చేదాన్ని.

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నాలుగు ప్రసంగాలు వింటే విశ్వాసం నడిచిపోతుందని ఇన్నేళ్ళూ నేనూ అనుకున్నాను. అలా బతుకు నడిచింది గాని, సంతోషం లేదు. దేవుడు నాకు సంతోషాన్ని పంపాలనుకుంటే పప్పుచారు గిన్నెతో, మనుషుల చేతుల్లో పెట్టి పంపాడు. పెద్ద సభలని నేను చిన్నచూపు చూడను. జనవరి 27, 28, 29 తారీఖుల్లో నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా జరిగే బైబిల్ మిషన్ మహాసభలకి వెళ్ళాను. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి నా క్యాథలిక్ స్నేహితురాలితో కొండ ఎక్కి వచ్చాను. అంత జనం ప్రార్థన చేస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కాని అవి మూడేసి రోజులు. మిగతా రోజుల్లో మన తలుపు కొట్టేది వీధి చివర గుడి వాళ్ళే.

అందుకే నవంబరులో అయ్యగారిని కలిసి సభ్యత్వం అడిగాను. ఫారం నింపడానికి పది నిమిషాలు పట్టింది. ఫోటోలు, ఆధార్ కాపీ అదే రోజు ఇచ్చేశాను. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, కన్ఫర్మేషన్ (చిన్నప్పుడు ఇప్పించిన బాప్తిస్మాన్ని ఎదిగాక తానే ఒప్పుకోవడం) క్లాసులో చేరాలంటే మేం సభ్యులమై ఉండాలి. ఇక కావలసింది ఒక్కటే: మా ఊళ్ళోని పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం, అంటే మమ్మల్ని వాళ్ళ పట్టీ నుంచి ఇక్కడికి పంపుతున్నామని రాసిచ్చే కాగితం.

ఆ ఒక్క కాగితం నన్ను ఏడిపించింది.

మొదటిసారి ఆదివారం వెళ్ళాను. బస్సులో రెండు గంటలు. ఆరాధన అయ్యాక ఆఫీసు గదికి వెళితే, ఆదివారం రిజిస్టర్లు తీయమన్నారు. రెండోసారి బుధవారం వెళ్ళాను. బీరువా తాళం ట్రెజరర్ గారి దగ్గర ఉందట, ఆయన పెళ్ళికి వెళ్ళారట. ముందే ఫోన్ చేసి అడిగాను, రమ్మన్నారు కూడా. మూడోసారి డిసెంబరు మొదటి వారంలో వెళ్ళాను. అప్పుడు కేరల్స్‌కి ఏ రోజు ఏ వీధికి వెళ్ళాలో రాసుకుంటూ గదినిండా జనం ఉన్నారు. పదిమందికి తక్కువ లేరు. సగం మంది నాకు తెలిసిన మొహాలే.

సెక్రటరీ గారు కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు. మా కుటుంబం పేజీ దొరికింది. నాన్న పేరు పక్కన "ప్రభువునందు నిద్రించెను" అని తేదీతో రాసి ఉంది. దాని కింద అమ్మ పేరు, నా పేరు. రెండింటి మీదా ఈ చివర నుంచి ఆ చివరకి స్కేలు పెట్టి కొట్టిన ఎర్ర గీత. పక్కన "తీసివేయబడినది".

నా పేరు కొట్టేసినందుకు కాదు, అమ్మ పేరు చూసి నాకు నోట మాట రాలేదు. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ గుడిలో సండే స్కూల్ చెప్పింది. కోతపండుగకి తెల్లవారకముందే లేచి ఊరందరికీ వండింది. ఆ గదిలో కూర్చున్న కుర్రాళ్ళలో కొందరి నాన్నలకి కంఠత వాక్యాలు నేర్పింది ఆమే.

"మూడేళ్ళు చందా కట్టకపోతే పేరు తీసేస్తామమ్మా, రూలు. మీ నాన్నగారు ఉన్నన్నాళ్ళు నెల తప్పకుండా కట్టారు. ఆయన పోయాక మీరు మొహం చూపించలేదు" అన్నారు గట్టిగా, అందరికీ వినపడేట్టు. అందులో అబద్ధం లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

"ఇన్నేళ్ళూ బల్ల ఎక్కడ తీసుకున్నావు?" అని అడిగారు. బల్ల అంటే ఆరాధనలో ఇచ్చే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం. హైదరాబాద్‌లో ఫలానా చోట అన్నాను. "అయితే వాళ్ళ దగ్గర ఉత్తరం తీసుకురా." అక్కడ రిజిస్టర్ ఉండదండి, ఎవరి పేరూ రాసుకోరు అన్నాను.

"మరి నువ్వు విశ్వాసివని నాకెట్లా తెలుస్తుందమ్మా?"

ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. "క్రిస్మస్ కదా, ఇప్పుడు గుర్తొస్తాం" అని ఇంకొకరు. నలభై అయిదేళ్ళ మనిషిని, నాలుగు తరాల విశ్వాసుల ఇంట పుట్టినదాన్ని, మా నాన్న చేయి పట్టుకుని నడిచిన ఆ గదిలో, నేను క్రైస్తవురాలినో కాదో రుజువు చూపించలేక నిలబడ్డాను. కూర్చోమని కుర్చీ కూడా ఎవరూ జరపలేదు.

తరవాత లెక్క చెప్పారు. నెలకి 50 చొప్పున పదహారేళ్ళకి 9,600 రూపాయలు. అది కాక బిల్డింగ్ ఫండ్ 10,000. రసీదు ఇస్తారా అని అడిగాను. చందాకి ఇస్తాం, ఫండ్‌కి ఇవ్వం అన్నారు. రసీదు లేకుండా దేవుని పేరు మీద రూపాయి కూడా ఇవ్వనని చెప్పి బయటికి వచ్చేశాను. ఈ ఒక్క మాట చెప్పగలిగినందుకు ఇప్పటికీ గర్వంగా ఉంది. మా నాన్న వినుంటే మెచ్చుకునేవాడు.

బస్సులో గుంటూరు దాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే వచ్చాను. ఇంటికొచ్చాక "ఉత్తరం ఇచ్చారా?" అని అమ్మ అడిగింది. ఇస్తామన్నారమ్మా అన్నాను. ఆ క్రిస్మస్‌కి గుంటూరు గుడిలో అందరూ బల్లకి వెళుతుంటే నేను బెంచీలోనే కూర్చున్నాను. రావద్దని ఎవరూ అనలేదు. నా కాళ్ళే కదల్లేదు. నువ్వు విశ్వాసివని ఎట్లా తెలుస్తుంది అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది.

చివరికి జనవరిలో అమ్మగారితో, అంటే అయ్యగారి భార్యతో, అంతా చెప్పేశాను. ఆమె ఆ సాయంత్రమే అయ్యగారికి చెప్పారు. ఆయన నన్ను పిలిచి, "రిజిస్టర్ ఒకటి కాదమ్మా. సభ్యుల పట్టీ వేరు, బాప్తిస్మపు రిజిస్టర్ వేరు, పెళ్ళిళ్ళది వేరు, సమాధులది వేరు. పట్టీలో పేరు తీసేయొచ్చు. నీ బాప్తిస్మాన్ని ఏ కమిటీ కొట్టేయలేదు. ముందు అది తీయమను" అన్నారు. ఈ ముక్క నాకు నవంబరులోనే తెలిసుంటే ఎంత బాగుండేది! ఆయనే అక్కడి పాస్టర్ గారికి ఉత్తరం రాశారు. అక్కడ పాస్టర్ గారు కొత్తగా వచ్చిన యువకుడు. నేను వెళ్ళిన మూడుసార్లూ ఆయన పక్క ఊళ్ళ సంఘాలకి వెళ్ళి ఉన్నారు, నా సంగతి ఆయనకి ఎవరూ చెప్పనే లేదు.

ఫిబ్రవరిలో నాలుగోసారి వెళ్ళాను. ఈసారి ఒంటరిగా వెళ్ళలేదు. మా ఊళ్ళో మా పాత వీధి మామ్మగారిని వెంటబెట్టుకెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా చేసి రిటైరయ్యారు. చేతికర్ర టకటకమనిపిస్తూ ఆఫీసు గదిలోకి వచ్చి, నిలబడే అడిగారు: "ఎవర్రా ఈ పిల్ల పేరు కొట్టేసింది? దీనికి బాప్తిస్మమిచ్చిన రోజు నీళ్ళ గిన్నె పట్టుకున్నది నేను. మూడోసారి నీళ్ళు పోయగానే గుడి అదిరేట్టు ఏడ్చింది. దీని అమ్మ దగ్గర మీ అందరి నాన్నలూ పాటలు నేర్చుకున్నారు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పాస్టర్ గారు లేచి ఆమెకి తన కుర్చీ ఇచ్చారు. అడుగు అరలోంచి పాత బాప్తిస్మపు రిజిస్టర్ ఆయనే తీశారు. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు కొట్టాయి. 1981 పేజీలో నా పేరు దొరికింది. దాని మీద ఏ గీతా లేదు. పక్కన నాన్న సంతకం, నీలం సిరా, కాస్త పక్కకి వాలిన అక్షరాలు. వేలితో ముట్టుకోవచ్చా అని అడిగాను. ముట్టుకోమ్మా అన్నారు.

సర్టిఫికెట్, బదిలీ ఉత్తరం రెండూ పావుగంటలో చేతికొచ్చాయి. చందా 9,600 కట్టి రసీదు తీసుకున్నాను. అది నేను బాకీ ఉన్న మాట నిజం. ఫండ్ గురించి ఎవరూ ఎత్తలేదు. సెక్రటరీ గారు ఏదో కాగితం వెతుక్కుంటూ నా వైపు చూడలేదు. నేనూ వందనాలు చెప్పకుండా వచ్చేశాను. అది తప్పే, ఇంకా ప్రార్థనలో పెట్టుకుంటున్నాను. ఆయన్ని క్షమించడం ఇంకా నా వల్ల కాలేదు.

ఊరు మారి సంఘం మారాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇది. ఊరు వదిలిన రోజే బదిలీ ఉత్తరం తీసుకోండి. చందా రసీదులు పెళ్ళి ఫోటోల్లా దాచుకోండి. కమిటీవాళ్ళ దగ్గర నిలబడకుండా నేరుగా పాస్టర్ గారి టైం అడిగి వెళ్ళండి, డిసెంబరులో మాత్రం వెళ్ళకండి. బాప్తిస్మపు సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించకండి, తరవాత దాని మీద సీలు వేయించాలంటే కుదరదు. మీ చిన్నప్పుడు గుడిలో ఉన్న ముసలమ్మలు ఎవరైనా మిగిలుంటే వాళ్ళని కలుసుకోండి, కాగితాలతో పని ఉన్నా లేకపోయినా. సంఘ పెద్దలకి కూడా ఒక మాట: ఎవరైనా రెండు నెలలు చందా కట్టకపోతే ఎర్ర కలం తీయకండి, ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళండి. అమ్మ పేరు కొట్టేసినన్ని నిమిషాలు కూడా పట్టేది కాదు ఒక ఫోన్ చేయడానికి.

తరవాతంతా తేలికగా జరిగిపోయింది. ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలైన వారమే క్వైర్ ప్రాక్టీసుకి రమ్మన్నారు. కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, ఈ కాలం పిల్లలు అటు చూడరు, కీబోర్డులో ఏ బీట్ దొరికితే దానికి పాడేస్తారు. అమ్మ దగ్గర నేర్చుకున్నట్టు ఆదితాళం వేస్తూ ఒక కీర్తన పాడి వినిపించాను. క్వైర్ మాస్టారు ఇంకోసారి పాడమన్నారు. శుభ శుక్రవారం మూడు గంటల పాటు సాగే ఆరాధనలో ఆ కీర్తన నాచేతే ఎత్తించారు.

మట్టల ఆదివారం, మార్చి 29న మమ్మల్ని సంఘంలోకి చేర్చుకున్నారు. పిల్లలు ఈత మట్టలు ఊపుతూ గుడి చుట్టూ "హోసన్నా" అని అరుచుకుంటూ తిరిగారు, మా అమ్మాయి వాళ్ళలో అందరికన్నా పొడుగు. తరవాత అయ్యగారు మా పేర్లు చదివి ముందుకి పిలిచారు. అమ్మని వీల్‌చైర్‌లో తోసుకుంటూ తీసుకెళ్ళింది క్యారియర్ తెచ్చిన వదినే. ఆ రోజు బల్లకి వెళ్ళాను. రొట్టె అరచేతిలో పెట్టినప్పుడు చేతులు వణికాయి.

ఆరాధన అయ్యాక ఇక్కడి సెక్రటరీ గారు రిజిస్టర్ తెచ్చి, పేర్లు ఎలా రాయాలో మీరే చెప్పండమ్మా అన్నారు. కలం అడిగి తీసుకుని అమ్మ పేరు నేనే రాశాను. కింద మా ఆయన పేరు, నా పేరు, అమ్మాయి పేరు.

అమ్మకి ఆ ఎర్ర గీత సంగతి ఇప్పటికీ చెప్పలేదు. నిన్న రాత్రి పడుకోబోతూ, "ఈ నెల చందా కట్టావా?" అని అడిగింది. కట్టానన్నాను. రసీదు చూపించమంది. చూపిస్తే, కళ్ళజోడు తెప్పించుకుని చదివి, తన బైబిల్లో పెట్టుకుని పడుకుంది.