హోస్కోటె చేలో పొద్దుతిరుగుడు, చిలుకల టైమ్‌టేబుల్

జూలై
బెంగళూరు దగ్గరి హోస్కోటెలో కౌలుకు తీసుకున్న పది గుంటల్లో పొద్దుతిరుగుడు మోకాలెత్తు వచ్చింది. తూర్పు గట్టు వెంట మొక్కజొన్న వేశాను. పురుగుల్ని ఏరుకు తింటాయని ఏట్రింతల (చీలిన తోక నల్లపిట్టల) కోసం అక్కడక్కడా టీ ఆకారపు కర్రలు పాతాను.

గింజే పట్టలేదు, అప్పుడే కాపలా ఏమిటని పక్క చేను అన్న నవ్వాడు (ఇటువైపు చాలా ఊళ్లలాగే ఆయనింట్లోనూ తెలుగే). కాపలా కాదన్నాను, రామచిలుకలు ఎటునుంచి ఎప్పుడొస్తున్నాయో రాసుకుంటున్నా. తెల్లారిన కాసేపటికి చెరువు వైపు నుంచి వస్తాయి. నేరుగా చేలో దిగవు. ముందు కరెంటు తీగ, ఆ తర్వాత గట్టు మీది కానుగ చెట్టు, అక్కడ కాసేపు గోల. ఒకటి దిగిందంటే మిగతావన్నీ దాని వెనకే. ఎండెక్కితే ఒక్కటీ కనపడదు, మళ్లీ సాయంత్రమే.

ఆగస్టు
రేకులు వాడి గింజ పాలుపోసుకుంటోంది. అనుకున్నట్టే మొదటి దెబ్బ కానుగ పక్క సాళ్లకే, నడిచేలో ఏమీ లేదు. పువ్వులో బయటి వరస గింజ ముందు ముదురుతుంది కాబట్టి చిలుక అంచు మీద కూర్చుని అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. కింద చీలిన పొట్టు, సగం కొరికి పడేసిన గింజలు. తిన్నదానికంటే పారేసిందే ఎక్కువ, అదే ఒళ్లు మండేది!

ఏట్రింతల కర్రలు పీకేశాను. గింజ పట్టాక అవి చిలుకలకే ఆసనాలవుతాయి.

ఇక చిలుకల్ని బెదరగొట్టే మెరుపు రిబ్బన్. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు వెండి రంగు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. పంట కంటే కాస్త ఎత్తున, కానుగకూ చేనుకూ మధ్య ఉత్తర దక్షిణంగా కట్టాను, పొద్దున్నా సాయంత్రమూ ఎండ తగిలేలా. రెండు మూడు మెలికలు వేస్తేనే గాలికి తళతళలాడుతూ బుర్రుమంటుంది. ముందే కడితే పిట్టలు అలవాటు పడిపోతాయి. అందుకే ఇన్నాళ్లూ ఆగాను.

మొక్కజొన్నకు ఇంకో పద్ధతి. పీచు ఎండాక, పక్క ఆకుల్నే తెంపకుండా కంకి చుట్టూ చుట్టేయడం. కంకి కనపడకపోతే చిలుక అక్కడ వాలదు. పొలమంతా చుట్టాలంటే నడుం పోతుంది, గట్టు పక్క సాళ్లకు చాలు.

వల కట్టమని అన్న సలహా. చిక్కుకున్న పిట్టను విడిపించడం ఆయన చూశాడో లేదో గానీ నాకొద్దు. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద చిలుకను పట్టడం నేరం.

సెప్టెంబర్
పువ్వులు తలవంచాయి, చిలుకలకు కాలు నిలవడం కష్టమైంది. రిబ్బన్‌కు బెదరడం తగ్గింది, దాన్ని పడమటికి మార్చాను. పువ్వు వెనక నిమ్మపండు రంగు రాగానే కోసేశాను. చేలోనే ఎండనిద్దామంటే మనకేమీ మిగలదు.

వచ్చేసారి అన్నా నేనూ ఒకే వారంలో విత్తాలని మాటయింది. ఒక్క చేనే ముందుగా గింజ పడితే చుట్టుపక్కల చిలుకలన్నీ దానిమీదే పడతాయి. రిబ్బన్ ఖర్చు చెరిసగం, ఆయన మాత్రం పొద్దుటి కాపలా నాదేనంటున్నాడు.