వాలిన అక్షరాలతో ఒక రోజు

ఈ రోజు పనంతా ఒక్క ‘ఎఫ్’ అక్షరం దగ్గరే ఆగింది. ఒక చిన్న ఇంగ్లిషు కవితల పుస్తకానికి పుటలు కూరుస్తున్నాను. కవితల పేర్లు ఇటాలిక్‌లో, అంటే పక్కకు వాలిన అక్షరాల్లో, ఉండాలని ముందే అనుకున్నాను. పొద్దున నమూనా పుట అచ్చు తీసి చూస్తే పేర్లన్నీ వాలి ఉన్నాయి గానీ, కంటికి ఇంపుగా లేవు. కాసేపటికి తెలిసింది: నేను ఎంచుకున్న ఫాంటుకు ఇటాలిక్ రూపమే లేదు. కంప్యూటరే నిలువు అక్షరాలను పక్కకు వంచేసింది.

అసలైన ఇటాలిక్‌ను కలం నడకను బట్టి గీస్తారు. నిలువు రూపంలో చిన్న ‘ఏ’ నెత్తిన ఒక వంపు ఉంటుంది. ఇటాలిక్‌లో అది పోయి గిన్నెలాంటి గుండ్రటి భాగం ఒక్కటే మిగులుతుంది. చాలా ఫాంట్లలో ‘ఎఫ్’ తోక, అక్షరాలు నిలబడే గీతను దాటి కిందికి జారుతుంది. అక్షరాలు సన్నబడి దగ్గరకు జరుగుతాయి. అడుగున అడ్డంగా ఉండే చిన్న గీతలు, అంటే సెరిఫ్‌లు, కలం దిగి మళ్ళీ పైకి లేచినట్టు, చిన్న కొక్కేలవుతాయి. ఆ కొక్కేలంటే నాకు ఎంత ఇష్టమో!

ఆ ఇష్టంతోనే పని పక్కన పెట్టి 1501లో అచ్చయిన, ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాల పుట చిత్రం ఒకటి తెరిచాను. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అచ్చు వేసిన, చేతిలో ఇమిడే పుస్తకం అది. ఆనాటి పండితులు వేగంగా రాసుకునే చేతిరాతను చూసి ఫ్రాన్సెస్కో గ్రిఫో ఆ అక్షరాలు చెక్కాడు. పుస్తకమంతా ఇటాలిక్కే. చిన్న అక్షరాలు వాలి ఉంటే, పెద్ద అక్షరాలు మాత్రం నిటారుగా నిలబడ్డాయి. ఆ పుట నుంచి చాలాసేపు కళ్ళు తిప్పుకోలేకపోయాను. మాటను నొక్కి చెప్పడానికి నిలువు అక్షరాల పక్కన ఇటాలిక్‌ను వాడే పద్ధతి ఆ తరువాత వచ్చింది.

మధ్యాహ్నం ఫాంటు మార్చేశాను. బ్రూస్ రోజర్స్ గీసిన సెంటార్, దానికి జోడీగా ఫ్రెడరిక్ వార్డ్ గీసిన ఇటాలిక్ ఫాంటు అర్రిఘి. ఈ రెండోదానికి మూలం 1520లలో రోములో పనిచేసిన లేఖకుడు లుడోవికో అర్రిఘి అక్షరాలు. గీసిన చేతులు వేరైనా రెండూ పక్కపక్కన చక్కగా ఒదిగాయి.

పుస్తకాల పేర్లు, ఓడల పేర్లు, జీవుల శాస్త్రీయ నామాలు, గణితంలో చరరాశులు — ఇటాలిక్‌కు ఇలా స్థిరపడిన చోట్లు ఉన్నాయి. ముందుమాట మొత్తాన్ని కూడా ఇటాలిక్‌లో పెట్టమని కవి కోరారు. రెండు పుటలు అలా కూర్చి చదివి చూశాను. కళ్ళు అలసిపోయాయి. దాన్ని నిలువు అక్షరాల్లోకి మార్చి, ఎందుకు మార్చానో కవికి వివరంగా రాశాను.

ఇక ‘ఎఫ్’. ఒక కవిత పేరు ఆ అక్షరంతోనే ముగిసి, ఆ వెంటనే కొటేషన్ గుర్తు వచ్చింది. ముందుకు వంగిన ‘ఎఫ్’ తల ఆ గుర్తును తాకుతోంది. ఎడం కొద్దికొద్దిగా పెంచుతూ, అచ్చు తీస్తూ సాయంత్రం చేశాను. ఆరో కాగితం మీద రెండింటి మధ్య వెంట్రుకవాసి వెలుతురు కనిపించింది. ఆ కాగితాన్ని బల్ల మీదే ఉంచాను. ‘ఎఫ్’ తోక కింది పంక్తికి మరీ దగ్గరగా ఉంది, అది రేపు చూడాలి.