మెకానిక్ ముందు బుద్ధిమంతురాలు

బ్రేకు తొక్కితే పెట్రోలు మీటరు ముల్లు ఎందుకు ఊగాలి చెప్పండి? మా పాత కారులో ఊగుతుంది. అదీ రోజూ కాదు, దాని మూడ్ బాగోనప్పుడే. మెకానిక్ ముందు మాత్రం బుద్ధిమంతురాలు.

ఇవాళ లైట్లన్నీ వేసి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి కారు బాడీకి ఆనించాను. 0.2 వోల్టు దాటకూడదు. 1.8 చూపించింది! బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి కలిపే ఎర్త్ వైరు కదిపితే దాదాపు సున్నాకి పడింది, వదిలితే మళ్లీ లేచింది.

ఆ వైరు బోల్టు విప్పితే, దాని చివరి రింగు కింద పాత పెయింటు, తుప్పు. పైకి మాత్రం నిగనిగ. శాండ్ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాను.

అనవసరంగా మార్చిన ఫ్యూజులు డబ్బాలోంచి నన్నే చూస్తున్నాయి.

ఇప్పటికైతే ముల్లు కదలట్లేదు. ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. నిజం చెప్పాలంటే, నేనూ పూర్తిగా నమ్మట్లేదు.