పుష్యమి కార్తె: జేబులో మిగిలిన రూపాయి ఎటు పోవాలి

జూలై చివరి వారం, వరంగల్ జిల్లా

మొగులు కమ్ముకునే ఉంది గానీ చినుకు లేదు. చెలక మట్టి పిడికిట పట్టి ఒత్తితే ముద్ద అవుతోంది, వేలితో తడితే విడిపోతోంది. మక్కకు పైపాటు యూరియా వేయడానికి ఇంతకు మించిన పదును దొరకదు. అయినా బస్తా విప్పేది తర్వాత, ముందు మొగి (మొక్క నడిమి లేత ఆకుల సుడి) విప్పి పురుగు ఉందేమో చూడాలి. దుక్కి, విత్తనం, అడుగు మందు ఖర్చు ఇప్పటికే భూమిలో కలిసిపోయింది. "ఇంత పెట్టినం, ఇంకింత పెడితే ఏం పోతది" అన్న మాట ఈ కార్తెలో ఊరూరా వినబడుతుంది. పెట్టింది లెక్కలోంచి తీసేయాలి. ఇవాళ పెట్టే రూపాయి దసరా తర్వాత ఎంత తెస్తుందో అదొక్కటే చూడాలి.

పొద్దున ఎండ ముదరకముందే చేనులోకి దిగడం మేలు. గట్టు పక్క వరుసలు వదిలేసి, ఐదు చోట్ల, చోటికి ఇరవై మొక్కల చొప్పున చూస్తే వంద అవుతాయి, శాతం కట్టే పని ఉండదు. నెల వయసు మక్కలో కత్తెర పురుగు తిన్న మొక్కలు పది దాటితేనే మందు. మొలక దశలో అయితే ఐదుకే కొట్టాలి, మొగి బాగా ఎదిగాక ఇరవై దాకా ఆగొచ్చు. ఆకు మీద పాత చిల్లులు చూసి లెక్కలో వేసుకోవద్దు. మొగి విప్పి చూడాలి. తడిసిన రంపపు పొట్టులా లద్దె (పురుగు రెట్ట) కనబడితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. లద్దె ఎండి రాలిపోతూ, లోపలి లేత ఆకు శుభ్రంగా వస్తుంటే ఆ మొక్క గండం గట్టెక్కినట్టే. పురుగు తల మీద తలకిందులుగా ఉన్న వై ఆకారపు గీత, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అది కత్తెర పురుగే, అనుమానం అక్కర్లేదు.

పురుగు చిన్నగా ఉన్నప్పుడే మందు పనిచేస్తుంది. ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళికలైతే లీటరు నీటికి 0.4 గ్రాములు, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ అయితే 0.4 మిల్లీలీటర్లు. పదహారు లీటర్ల పంపుకు ఏదైనా 6.4 అవుతుంది. సీసా మూతతో కొలిచేవాళ్లే ఎక్కువ, అదే తేడా కొడుతుంది. దానికన్నా పెద్ద తప్పు, పంపులు తగ్గించి "మందు గట్టిగా కలిపినం" అనుకోవడం. మొగి లోపలికి ద్రావణం దిగకపోతే ఎంత గట్టిగా కలిపినా పురుగుకు తగలదు. నాజిల్ మొగి మీదకు వంచి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టాలి. పురుగు అంగుళం దాటి పెరిగాక తన లద్దెతోనే దారి మూసుకుంటుంది, పిచికారీ అందదు. అప్పుడు విషపు ఎర పెట్టాలి: పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వాడే అరగంట ముందు వంద గ్రాముల థయోడికార్బ్ కలిపి, చేతికి తొడుగు వేసుకుని మొగిలో చిటికెడు చిటికెడు వేయాలి. పూత కర్ర (మగ పూత) బయటికి వచ్చాక మందు కొట్టడం దండగ.

ఖర్చును నేను కిలోల్లోకి మార్చి చూస్తాను. 2025-26కు మక్క మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు, అంటే కిలో 24. మందు, కూలి కలిపి ఎకరాకు 1,200 అయితే యాభై కిలోల గింజ కాపాడితేనే అసలు వస్తుంది. అయితే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కోత కాలానికి అదే ధర పలుకుతుందన్న భరోసా లేదు. గింజలో తేమ 14 శాతం దాటితే ధర తగ్గిస్తారు. అందుకే కిలో 20 అనుకుని లెక్క కట్టడం క్షేమం, అప్పుడు అరవై కిలోలు. వందలో పదిహేను మొక్కలు దెబ్బతిన్న చేనులో అరవై కిలోలు తేలిగ్గా మిగులుతాయి. వందలో నాలుగైనప్పుడు మిగలవు. పక్క చేనువాళ్లు కొడుతున్నారని కొట్టే మందు చాలావరకు ఈ రెండో కోవలోకే వస్తుంది.

ఇక యూరియా. నీటి వసతి ఉన్న మక్కకు ఎకరాకు 80 కిలోల నత్రజని, 24 భాస్వరం, 20 పొటాష్ సిఫారసు. అడుగున ఒక డీఏపీ బస్తా వేసి ఉంటే 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని వచ్చేసినట్టే. మిగిలిన 71 కిలోలకు 45 కిలోల యూరియా బస్తాలు మూడున్నర కూడా పట్టవు, ఎందుకంటే బస్తాలో నత్రజని 20.7 కిలోలే. అందులో విత్తేటప్పుడు వేసింది పోను, ఇప్పుడు 30-35 రోజులకు ఒకటింబావు బస్తా, మళ్లీ 50-55 రోజులకు అంతే. 266 రూపాయల యాభై పైసలకు బస్తా వస్తుంది కదా అని ఐదేసి వేసే చేన్లలో ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కాండం మెత్తబడి గాలికి పడుతుంది, పురుగూ అక్కడికే ముందు వస్తుంది. మొక్కకు జానెడులోపు వేసి గుంటుక తోలి మట్టి కప్పాలి. పైన చల్లి వదిలేస్తే కొంత గాలికే పోతుంది. పొటాష్ సగం అడుగున వేసి, సగం పూత ముందు ఆఖరి యూరియాతో వేస్తే గింజ బరువు తూగుతుంది. ముసురు పట్టి నీళ్లు నిలిస్తే మాత్రం వీటన్నిటికన్నా ముందు కాలువ తీయడమే పని. నెలలోపు మక్క నిలిచిన నీటిని అసలు ఓర్చుకోదు.

మధ్యాహ్నం మిత్తి (వడ్డీ) లెక్క. నెలకు నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం. యాభై వేలకు ఆర్నెల్లకు ఆరు వేలు. అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం లెక్కన 1,750, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను వెయ్యి. తేడా ఐదు వేలు, అంటే రెండు క్వింటాళ్ల మక్క. దుకాణం ఖాతాలో మిత్తి పైకి కనబడదు, మందు ధరలోనే కలిసి ఉంటుంది. అప్పు ఉన్నచోటే పంట అమ్మాలన్న మాట కూడా ఉంటే కాంటా దగ్గర ధరలో ఇంకో కోత. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం ఎకరాకు సీజనుకు ఆరు వేలు పడితే ముందు ఈ ఖాతా తీర్చడమే నాకు సరైన పనిగా తోస్తుంది, కొత్త మందు కొనడం కాదు. కౌలుదారుకు ఆ డబ్బూ రాదు, పట్టాదారు ఖాతాలోకే పోతుంది. కౌలుకు చేసేవాళ్లు ప్రతి ఎకరా లెక్కలో దాన్ని సున్నా చేసుకునే కూర్చోవాలి.

వరి మడి దగ్గర ప్రశ్న వేరు. నారు ముదురుతోంది, చెరువు నిండలేదు, బోరు ఒక్కటే ఆధారం. ఎన్ని ఎకరాలు నాటాలన్నది ఇప్పటి ధారను చూసి తేల్చుకుంటే మోసపోతాం. అక్టోబరులో గింజ పాలు పోసుకునేటప్పుడు ఆ బోరు ఎంత పారిందో నిరుటి అనుభవం చెబుతుంది, అంత మేరకే నాటాలి. మిగతా మడిలో దమ్ము చేయకుండా కంది గానీ ఆముదం గానీ పెట్టడమే నయం, మక్క విత్తే అదను దాటింది.

సన్నం, దొడ్డు రెండు నార్లూ ఉండి నీళ్లు ఒకదానికే సరిపోతే ఏది వదలాలి? రెండూ 2025-26 గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర, క్వింటాకు 2,389 రూపాయలకే అమ్ముడవుతాయనుకుందాం. దొడ్డు ఎకరాకు 26 క్వింటాళ్లు పండితే 62,114 రూపాయలు. సన్నం 23 పండితే రాష్ట్ర ప్రభుత్వం క్వింటాకు ఇచ్చే 500 బోనస్‌తో కలిపి 66,447, బోనస్ లేకుండా 54,947. బోనస్ చేతికి అందుతుందంటే దిగుబడి దొడ్డు కంటే నాలుగున్నర క్వింటాళ్ల లోపు తగ్గినా సన్నమే మేలు. అప్పుల గడువు బోనస్ కంటే ముందే ఉన్నవాళ్లు దొడ్డు ఎంచుకుంటే తప్పు పట్టలేం. సన్నాల్లోనూ తెలంగాణ సోనా నాలుగు నెలల పంట. బీపీటీ 5204 (సాంబ మసూరి) నారు కొంత ముదిరినా తట్టుకుంటుంది గానీ నవంబరు దాకా నీళ్లడుగుతుంది.

నాలుగు నెలల రకం నారు నెల దాటితే పిలకలు తగ్గుతాయి. కుదుళ్లు దగ్గరగా, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టాలి. నత్రజని పావు వంతు పెంచి, మూడు దఫాలకు బదులు రెండే: దమ్ములో 70 శాతం, అంకురం (చిరుపొట్ట) దశలో 30. నారు కొసలు తుంచి నాటితే మొగి పురుగు (కాండం తొలుచు పురుగు) గుడ్లు అక్కడే పోతాయి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదలాలి, వదిలిన జాగా దండగ కాదు, సుడిదోమ ఉధృతిని అదే తగ్గిస్తుంది. భాస్వరం మొత్తం దమ్ములోనే. నాటిన మూడు వారాలకు డీఏపీ చల్లడం మన దగ్గర బాగా అలవాటు, అది పంటకు అందదు సరికదా జింకు లోపం తెస్తుంది. ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు.

నాటు అయిపోగానే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదులో రకం, విస్తీర్ణం సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. మక్క తీసేసి వరి వేసిన మడి పాత పేరుతోనే ఉండిపోతే కొనుగోలు కేంద్రంలో ఆ ఎకరం వడ్లకు ఎంట్రీ కాదు.